అన్నయ్య గదిలోంచి వచ్చే నెట్టు

పోయినవారం మా ఇంటిని ఎక్కడ ఆపానో గుర్తుందిగా? వదిన చెయ్యి అన్నయ్య కంప్యూటరు వెనకాల వైరు మీద ఉంది. అమ్మ చెయ్యి వదిన మణికట్టు మీద ఉంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతిలో స్కేలుతో సహా. నాన్న మాత్రం ముందుగదిలో తన కుర్చీలోంచి కదల్లేదు.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వానాకాలంలో మా అన్నయ్య పోయాడు. పొద్దున్నే మొహం కడుక్కోవడానికి వెళ్ళినవాడు అక్కడే కుప్పకూలిపోయాడు. రోగం లేదు, రొష్టు లేదు, అంతా బాగున్న మనిషి. అలాగని మేం అనుకున్నాం. వదిన, డాక్టర్లు చెప్పింది చెవుల్లో పెట్టుకుని విని రిపోర్టులు టైపు చేసే పని చేస్తుంది, ఇంట్లోంచే. ఇప్పుడు వేరే ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఆదివారం బయల్దేరాలి. అన్నయ్య వస్తువుల్లో తను అడిగింది ఒక్కటంటే ఒక్కటి, ఆ కంప్యూటరు. అమ్మ ససేమిరా ఇవ్వనంది.

ఏముంది, పాత కంప్యూటరు ఒకటి ఇచ్చేస్తే పోలా అని మీరనొచ్చు. అక్కడే ఉంది తిరకాసు. మా ఇంటికి నెట్టు కనెక్షను ఒకటే, కంప్యూటర్లు నాలుగు. బయటనుంచి వచ్చే తీగ మోడెంలోకి, మోడెంలోంచి అన్నయ్య కంప్యూటర్లోకి వెళుతుంది. అందులోంచి ఇంకో వైరు బయల్దేరి, ఒక చిన్న హబ్బులో మూడుగా చీలి, మూడు గదుల్లోకి పాకుతుంది. అంటే అన్నయ్య కంప్యూటరు వేసి ఉంటేనే మిగతా మూడింటికీ నెట్టు. అది ఆపితే ఇల్లంతా బంద్. చదువుకునే రోజుల్లో గోడలనిండా మేకులు కొట్టి, అమ్మ చేత చీవాట్లు తిని, తనొక్కడే చేసిన ఏర్పాటు అది. ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. నడుస్తున్నదాన్ని ఎవరు కెలుకుతారు?

రోజూ పొద్దున్నే స్విచ్చి వేసి, కుళాయిలు తిప్పేవాడిలాగా "నెట్టు వదిలానహో!" అని కేకేసేవాడు. అమ్మ వంటింట్లోంచి "కాస్త నిండుగా వదలరా పెద్దాడా, నిన్న సన్నగా వచ్చింది" అనేది. మేం నవ్వేవాళ్ళం కానీ, అమ్మ హాస్యానికి అన్లేదు. నెట్టనేది తన కొడుకు కంప్యూటర్లోనే ఊరుతుందని, వాడు దయతలిచి మనకి పంచుతున్నాడని ఆవిడ నిజంగా నమ్మింది. ఎన్నిసార్లు చెప్పినా "అదేలే, వాడి పెట్టెలోంచేగా వచ్చేది" అనేది.

అన్నయ్య పోయాక కొన్నాళ్ళు ఆ గది తలుపే తియ్యలేదు, వదిన నా గదిలో పడుకునేది. ఇంట్లో నెట్టు లేదన్న సంగతి కూడా ఎవరికీ పట్టలేదు. ఒకరోజు వదిన లోపలికి వెళ్ళి, ఎవరితోనూ ఏమీ అనకుండా స్విచ్చి వేసింది. అమ్మ కంప్యూటర్లో ఆగిపోయిన సందేశాలన్నీ టింగుటింగుమంటూ వచ్చిపడ్డాయి. అమ్మ దూరాన ఉన్నవాళ్ళకి నెట్టులో కుట్టుపని నేర్పుతుంది. వాళ్ళంతా పాపం "ఏమైపోయారమ్మా" అని అడుగుతున్నారు. అమ్మ కుట్టుమిషను మీద తలపెట్టుకుని ఏడ్చింది. ఆ రోజునుంచీ పొద్దున్నే స్విచ్చి వేసే పని వదినదైంది. కేక మాత్రం లేదు.

ఇప్పుడు అసలు కథలోకి వస్తాను.

"వదలండి అత్తయ్యా," అంది వదిన.

"వదలను. దీన్ని పట్టుకుపోతే మేం ముగ్గురం ఏమైపోవాలి? మీ మామయ్యకి ప్రూఫులు రావాలా అక్కర్లేదా? దీని ప్లాన్లు ఇంజినీరుకి వెళ్ళాలా అక్కర్లేదా? నా పిల్లలు కాలరు తిప్పడం చూపించమని కూర్చుని ఉంటారు, వాళ్ళకేం చెప్పను?"

అమ్మ పిల్లలంటే వాళ్ళలో కొందరు మనవలున్న ఆడవాళ్ళు. అమ్మకి తన దగ్గర సూది పట్టినవాళ్ళందరూ పిల్లలే.

నేను ఇళ్ళ ప్లాన్లు గీసేదాన్ని. కంప్యూటర్లతో పొద్దస్తమానం కుస్తీ పడేదాన్ని. ఈ నెట్టు పంచే పనికి ఒక కంప్యూటర్ని రోజంతా వేసి ఉంచక్కర్లేదని, కొట్లో దొరికే అరచేతంత పెట్టె ఒకటి తగిలిస్తే చాలని నాకు ఎప్పట్నుంచో తెలుసు. కానీ అన్నయ్య కంప్యూటరు ఆపేద్దాం అని ఆ ఇంట్లో ఎవరు నోరు విప్పుతారు? అమ్మ ముందు నేనా? నాకు కోపం ఎక్కువే గాని బుద్ధి బొత్తిగా లేకపోలేదు.

అయినా వదిన మణికట్టు ఎర్రబడిపోతుంటే ఊరుకోలేకపోయాను. "అమ్మా, దానికి వేరే పెట్టె దొరుకుతుంది. సాయంత్రానికల్లా నేను తెచ్చి తగిలిస్తాను. ఎవరి నెట్టూ ఆగదు. ముందు వదిన చెయ్యి వదులు," అన్నాను.

అమ్మ నావైపు తిరిగింది. "నువ్వు నోర్ముయ్యవే చిటపటా! వాడు పెట్టింది పీకేసి నువ్వేదో తగిలిస్తావా? ఇది వాడు చేసిన ఏర్పాటు. వద్దనుకుంటే వాడే తీసేసేవాడు. తీసేశాడా? చెప్పు, తీసేశాడా?"

చిటపట అని నాకు పేరు పెట్టింది అన్నయ్య. వాడు పోయాక ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

తీసేశాడా అన్న మాటకి వదిన వైరు వదిలేసింది. అమ్మ పట్టు కూడా దానంతటదే సడలింది. వదిన బీరువా తెరిచి, అన్నయ్య చలికోట్ల కింద చెయ్యి పెట్టి, ఒక అట్టపెట్టె బయటికి తీసింది. మంచం మీద పెట్టి మూత తీసింది. లోపల ఉన్నది నేను ఇందాక చెప్పిన నెట్టు పంచే పెట్టె. దాని పక్కనే పొట్టి వైర్లు, ఒక్కొక్కటీ చుట్టగా చుట్టి, కుట్టుదారంతో ముడి వేసి ఉన్నాయి. మా ఇంట్లో వైర్లకి దారంతో ముడి వేసే మనిషి ఒక్కడే. అమ్మ దారపుండలు కొట్టేస్తున్నాడని రోజూ గొడవ కూడానూ.

"ఇది ఆయనే తెచ్చారు అత్తయ్యా," అంది వదిన.

అమ్మ పెట్టెని ముట్టుకోలేదు. ఆ ముడుల వంకే చూస్తూ ఉండిపోయింది.

"లోపలి సెట్టింగులన్నీ ఆయనే పెట్టేశారు. మీరందరూ ఊరెళ్ళిన రోజున తగిలించి చూశారు. పనిచేసింది. మళ్ళీ విప్పి లోపల పెట్టేశారు."

"పనిచేస్తే అలాగే ఉంచొచ్చుగా? విప్పడం ఎందుకు?" అన్నాను, తెలివితక్కువగా.

వదిన నా మొహం చూడకుండా చెప్పింది. "అది ఉంటే పొద్దున్నే నెట్టు వదిలే పని ఉండదుగా అన్నారు."

అమ్మ మంచం మీద కూర్చుండిపోయింది. వదిన వంగి, అన్నయ్య కంప్యూటరు ఆపింది. ఆ గదిలో ఎప్పుడూ ఫ్యాను రొద ఉండేది, కంప్యూటరు లోపలి చిన్న ఫ్యానుది. అదిప్పుడు ఆగిపోయి, గది బోసిగా అయిపోయింది. వదిన మోడెం వైరు తీసి కొత్త పెట్టెలో గుచ్చింది. హబ్బులోని మూడు వైర్లూ తీసి అందులోనే గుచ్చింది. దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. కాసేపటికి అవతలి గదిలోంచి టింగుమని వినిపించింది. అమ్మ పిల్లల్లో ఎవరో పలకరించారు.

అంతే. అంత పని. దీనికోసమా ఇన్ని నెలలు వదిన పొద్దున్నే లేచి, గుండె రాయి చేసుకుని ఆ గదిలోకి వెళ్ళింది? బీరువాలో ఈ పెట్టె పెట్టుకుని కూడా? నాకు అర్థం కాలేదు. అమ్మకి నాకంటే ముందే అర్థమవడం మొదలైంది.

"ఎప్పుడు తెచ్చాడిది?" అని అడిగింది.

"ఎండాకాలంలో."

"వాడు పోయింది వానల్లో."

వదిన ఖాళీ అట్టపెట్టెకి మూత పెట్టింది.

"ఇంట్లో ఉన్న మనిషి. రోజూ తనే స్విచ్చి వేసే మనిషి. ఇదెందుకు తెచ్చి దాచాడు?" అమ్మ గొంతు హఠాత్తుగా మెత్తబడింది. వదిన చెయ్యి పట్టుకుంది, ఇందాకటిలా కాదు, బతిమాలుతున్నట్టు. "వేరుపడదామనుకున్నారా మీరిద్దరూ? వేరే ఊరు వెళ్ళిపోదామనుకున్నారా? అందుకేనా? చెప్పమ్మా, నేనేమీ అనుకోను. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఉంటుంది అలాగ. అవునా?"

ఇంత వయసొచ్చిన అమ్మ, కొడుకు తనని వదిలి వెళ్ళిపోదామనుకున్నాడని చెప్పమని కోడల్ని వేడుకుంటోంది. అవునను తల్లీ, ఒక్క మాట అనేసెయ్, నీ సొమ్మేం పోయింది అని నేను లోపల్లోపల వదినకి దణ్ణాలు పెట్టుకున్నాను. వదిన పెదవులు కదిలాయి. అనేస్తుందనే అనుకున్నాను.

"కాదత్తయ్యా," అంది. "ఆయనకి తెలుసు."

"ఏం తెలుసు?"

"గుండె బలహీనపడిపోయిందన్నారు డాక్టర్లు. కండరం సాగిపోయిందన్నారు. ఏ రోజైనా ఆగిపోవచ్చు, లేకపోతే చాలా ఏళ్ళు నడవనూవచ్చు, చెప్పలేం అన్నారు. అలాంటి రిపోర్టులు నేను ఎన్నో టైపు చేశాను. చెవిలో వింటూ, వేళ్ళతో కొట్టుకుంటూ పోయేదాన్ని. కాగితం మీద ఆయన పేరుండేసరికి ఒక్క ముక్క తలకెక్కలేదు. ఆయనే నాకు చదివి వినిపించారు. మందులు వాడారు. బరువులు ఎత్తొద్దు, మెట్లు ఎక్కొద్దు అన్నారు. మీకు చెప్పొద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు. అమ్మకి తెలిస్తే రోజూ నా మొహం చూసి ఏడుస్తుంది, ఉన్నన్నాళ్ళూ నాకు అమ్మ ఏడుపు కాదు, తిట్లే కావాలి అన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాక్కూడా చెప్పలేదా వదినా? వాడు నాకు అన్న కాదా? నేను పరాయిదాన్నా?" అని అరిచాను.

"నీకు చెబితే నోటితో చెప్పకపోయినా నీ మొహమే ఊరంతా చాటేస్తుందన్నారు," అంది వదిన.

అరవడానికి మళ్ళీ నోరు తెరిచి, మూసేశాను. నిజమే మరి. వాడికి నా సంగతి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నేలకేసి చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "మిషను పైగదిలోకి ఎక్కించరా అంటే ఎక్కించలేదు. రేపమ్మా, ఎల్లుండమ్మా అన్నాడు. నేనేమన్నాను?"

"అమ్మా, ఇప్పుడదంతా ఎందుకు," అన్నాను.

"ఒళ్ళు బరువెక్కిందిరా నీకు అన్నాను. కూర్చుని కూర్చుని కొవ్వు పట్టింది, మీ నాన్న నీ వయసులో ప్రెస్సులో సీసపు అక్షరాల ట్రేలు మోసేవాడు, నువ్వు చేతగాని దద్దమ్మవి అన్నాను. పెళ్ళాం ముందరే అన్నాను. వాడు హిహిహి అని నవ్వాడు. నవ్వుతూ మిషనుకి ఒక పక్క చెయ్యి వేశాడు కూడాను. నువ్వొచ్చి లాగేశావు, గుర్తుందా అమ్మాయ్? నేను మోస్తాలెండి అని నువ్వు లాగేసుకున్నావు. మొగుణ్ణి వెనకేసుకొస్తోంది చూడు అని ఆ రోజంతా నీమీద కూడా మూతి ముడుచుకున్నాను."

నాకు గుర్తుంది. నేనూ వదినా కలిసి ఆ మిషను మోశాం. దారంతా వదిన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. బరువుకి అనుకున్నాను.

"ఏడిస్తే ఏడ్చేదాన్ని," అంది అమ్మ. "ఏం, ఏడిస్తే ఏం పోయింది? ఏడుస్తూనే వాడికిష్టమైనవి వండేదాన్ని. వాడి పక్కన కూర్చునేదాన్ని. చేతగానివాడా అని మాత్రం అనేదాన్ని కాదు. నన్ను ఆ ఒక్క మాట అననివ్వకుండా ఆపేవాళ్ళే లేకపోయారే ఈ ఇంట్లో!"

వదిన అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళుగా ఆపుకున్నదంతా ఒక్కసారి వచ్చేసింది. అమ్మ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, "ఈ పెట్టె బయటికి తీస్తే ఎప్పుడు కొన్నాడు, ఎందుకు కొన్నాడు అని మీరు అడుగుతారని తెలుసత్తయ్యా. అబద్ధం చెప్పడం నాకు రాదు. అందుకే పాతదాన్నే రోజూ వేస్తూ వచ్చాను. అది కూడా ఇవాళో రేపో పోయేలా ఉంది. దాన్నీ ఈ పెట్టెనీ పట్టుకుని వెళ్ళిపోతే మీరు వేరేది కొనుక్కుంటారు, ఎవరూ ఏమీ అడగరు అనుకున్నాను," అంది.

ఇన్ని నెలలు. కొడుకు పోయినావిడ ముందు, మొగుడు పోయిన పిల్ల, నోరు కుట్టేసుకుని తిరిగింది. నాకింకా కోపంగానే ఉంది, కానీ ఎవరిమీద చూపించాలో తెలియలేదు. పోయినవాడి మీద చూపించగలనా?

అమ్మ వదిన తలమీద చెయ్యి వేసింది. వేసి, తల నిమురుతూనే అడిగింది. "ఇంకెవరికి తెలుసు?"

వదిన ఏడుపు ఠక్కున ఆగింది. అదే జవాబైపోయింది. డాక్టరు దగ్గరికి అన్నయ్యా వదినా ఇద్దరే వెళ్ళి ఉంటారని నేననుకున్నాను.

"నిన్నే. ఇంకెవరికి తెలుసు?"

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. నాన్న గుమ్మం దాకా వచ్చి, నా పక్కన నిలబడ్డాడు. కళ్ళజోడు చేతిలో ఉంది. ఏళ్ళ తరబడి ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చిన మనిషి, ఇప్పటికీ పుస్తకాల ప్రూఫులు దిద్దే మనిషి, ఒక్క వాక్యం కూడబలుక్కోలేక అవస్థపడ్డాడు.

"దాన్నేమీ అనకు. ఆ పెట్టె కొనడానికి వాడితో కొట్టుకి వెళ్ళింది నేను."

"డాక్టరు దగ్గరికి?"

"అక్కడికీ నేనే. మొదటిసారి నన్నే తీసుకెళ్ళాడు. కోడలికి తర్వాత చెప్పాడు."

నేను నాన్న పక్కనుంచి రెండడుగులు పక్కకి జరిగాను. కావాలని జరగలేదు. కాళ్ళే జరిగాయి.

అమ్మ నాన్న వంక చూసింది. అరుస్తుందనుకున్నాను, మీదపడి కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. చాలా మామూలు గొంతుతో మాట్లాడింది. "నేను వాణ్ణి చేతగాని దద్దమ్మా అన్నరోజు మీరిక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"మీరూ నవ్వారు."

"వాడు నవ్వుతుంటే... నేను నవ్వకపోతే నీకు అనుమానం వస్తుందని... వాడు మాట తీసుకున్నాడే. నేనేం చెయ్యను? చెప్పు, నేనేం చెయ్యను?"

"అది మొగుడి మాట నిలబెట్టింది. చిన్నపిల్ల, దానికేం తెలుసు. మీరు కొడుకు మాట నిలబెట్టారు. బాగానే ఉంది." అమ్మ లేచి నిలబడింది. "నాకు నలభై ఏళ్ళు మొగుడిగా ఉన్నారే, నాకేం నిలబెట్టారు? వాడు పోయాక చెప్పొచ్చుగా. నేను వాడి చొక్కాలు ముందేసుకుని, ఎలా పోయాడండీ, ఏం తక్కువైందండీ వాడికి అని రోజూ మిమ్మల్నే అడిగాను. నా పక్కన కూర్చుని, ఏమోనే, మన రాత అన్నారు."

నాన్న గుమ్మం పట్టుకున్నాడు.

అమ్మ ఇంక ఆయన వైపు చూడలేదు. అన్నయ్య మంచం మీది దుప్పటి తీసి నేలమీద పరిచింది. "పట్టుకో అమ్మాయ్," అంది. వదిన లేచింది. ఇద్దరూ కలిసి అన్నయ్య కంప్యూటర్ని దుప్పట్లోకి దించారు. అమ్మ దాన్ని చంటిపిల్లాణ్ణి చుట్టినట్టు నాలుగువైపులా చుట్టి, కొసలు గట్టిగా ముడివేసింది. కుట్టుపని చేతులు కదా, ముడి తిన్నగా కుదిరింది.

"తీసుకెళ్ళు. నీదే. దారిలో దెబ్బ తగలకుండా ఒళ్ళో పెట్టుకో," అంది.

నాకు ఊపిరి వచ్చినట్టయింది. హమ్మయ్య, ఎంత ఏడ్చినా చివరికి అమ్మ ఇచ్చేసింది, వదిన మనశ్శాంతిగా వెళుతుంది, మిగతావి మెల్లిగా సర్దుకుంటాయి అనుకున్నాను. నా బుద్ధికి అంతకంటే తోచలేదు.

అమ్మ కళ్ళు తుడుచుకుని అడిగింది. "అక్కడ నీకిచ్చిన గది ఎంత ఉంటుంది?"

"చిన్నదే అత్తయ్యా. ఒక గదీ, పక్కన వంటకి కాస్త చోటూ."

"రెండు మంచాలు పడతాయా?"

"ఏమంటున్నావే?" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన మాట విననట్టే నిలబడింది. "నేను దాన్ని అడుగుతున్నాను. చెప్పమ్మా. ఒకటి నీకు, ఒకటి నాకు. మిషను ఓ మూలకి సర్దుకుంటాను. పడతాయా?"

వదిన నాన్న వంక చూసింది. నా వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపాలో నిలువుగా ఊపాలో తెలియక గుడ్లప్పగించి నిలబడ్డాను.

"పడతాయత్తయ్యా," అంది వదిన.